రేకు మోత

పాట సగంలో ఉండగా ఎవరో ధనధనా రేకు బాదారు.

మిస్ వెర్నా పెరటికి చుట్టూ ఉన్నది రేకుల దడి. దానికి చేరగిలబడి కూచున్న ముసలాయన ఒక్కసారిగా లేచి, అరచేత్తో ఆ రేకును వాయించేస్తున్నాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు అందుకున్నారు. మేక కూర కలుపుతున్న ఆవిడ గరిటెతో గిన్నె మూత మోగించింది.

పాటలు వేసే ఫిట్జ్‌రాయ్ చప్పున రికార్డు మీది సూది ఎత్తేశాడు. పాట ఆగిపోయింది.

అది రూఫస్ టిల్మన్ పాట. అతనిది మిసిసిపీ. వయసంతా బ్లూస్ పాడి, తల నెరిశాక రెగ్గే పుట్టిన ఈ కింగ్‌స్టన్ వచ్చి, ఇక్కడి వాయిద్యగాళ్లతో కూచుని కొత్త ఆల్బమ్ చేశాడు. బ్లూస్‌లో రెగ్గే కలిపాడు, ఫంక్ కలిపాడు, పైన కాస్త కాలిప్సో తాలింపు వేశాడు.

రికార్డింగువాళ్లు ముందుగా పంపిన టేపులో అతని ఊరి పెద్దమనుషులు ఆ పాటలు విని మొహం చిట్లించారు. ఇటు బ్లూసూ కాదు, అటు రెగ్గే కాదు, రెంటికీ చెడ్డ రేవడి అన్నారు. రేడియోవాళ్లయితే ఒక పాట సగం వేసి ఆపేసి, విన్నవాళ్లకు క్షమాపణ కూడా చెప్పారట. ఇంతా చేసి ఆ అన్నవాళ్లలో గిటారు తీగ మీటినవాడు ఒక్కడూ లేడు.

ఎవరి దరువు తీసుకున్నాడో వాళ్లే తేల్చాలనుకున్నాడు టిల్మన్. ఆల్బమ్ ఇంకా అచ్చు కాలేదు. ఉన్న ఒక్క నమూనా రికార్డునూ చంకన పెట్టుకుని ఈ ఆదివారం మధ్యాహ్నం, పేటంతా పాటలు వినడానికి చేరే వెర్నా పెరట్లోకి వచ్చాడు. ఈ పెరడు కాదంటే ఆల్బమ్ బయటికి రాదనీ, మళ్లీ పాత పాటలే పాడుకుంటాననీ రికార్డింగువాళ్లకు ముందే తెగేసి చెప్పాడు.

తీరా ఇక్కడా పాట సగంలోనే ఆగింది.

టిల్మన్‌కు ఒళ్లు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ ముసలాయన మీదికి వెళ్లాడు.

"ఏం పెద్దాయనా, నా పాట నీకేం అడ్డమొచ్చింది? వినే ఓపిక లేకపోతే లేచి పోవచ్చుగా."

ముసలాయన నవ్వాడు. చూపుడువేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు.

టిల్మన్‌కు అది వెక్కిరింతలా కనబడింది. ఇక నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. తాగుబోతువి అన్నాడు. సంగీతం ఓనమాలు తెలియని మొద్దువి అన్నాడు. మీ దరువును నెత్తిన పెట్టుకుని ఊరేగిద్దామని వస్తే నా పరువు మీద రేకులు కొడతారా అన్నాడు. ముసలాయన నవ్వు చెదరలేదు. మళ్లీ వేలు తిప్పాడు.

"అన్నా, ఆగన్నా, నా మాట విను" అంటూ ఫిట్జ్‌రాయ్ రికార్డు పట్టుకుని జనం మధ్యలోంచి పరుగెత్తుకు రాబోయాడు. టిల్మన్ అతనికి ఎదురెళ్లి, ఆ రికార్డు లాక్కుని, మోకాలికి వేసి రెండు ముక్కలు చేశాడు.



మిస్ వెర్నా నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"నీ చేతులు పడిపోను. ఎంత పని చేశావయ్యా! ఇక్కడ పాట నచ్చితేనే రేకు కొడతారు. కొడితే సూది ఎత్తి మళ్లీ మొదట్నుంచి వెయ్యాల్సిందే. నచ్చని పాట కోసం చెయ్యి నొప్పి ఎవడు పెట్టుకుంటాడు?"

మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ లాంటిదే ఇదీ. వచ్చిన దగ్గర్నుంచి రికార్డింగు గదిలోనే గడిపిన టిల్మన్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఇది ఒకరికి చెప్పాల్సిన సంగతని తోచనే తోచదు. కానీ అడగడానికి అతనికీ నోరుంది కదా. తిట్టడానికి లేచిన నోరు అడగడానికి లేవలేదు.

వేలు తిప్పడమంటే మళ్లీ తిప్పమనేనని ఫిట్జ్‌రాయ్ చెప్పాడు. టిల్మన్ చేతిలోని ముక్కలు చూసుకున్నాడు.

అవతల ముసలాయన ఇంకా రేకు దగ్గరే నిలబడి ఉన్నాడు. మధ్యలో జనం అడ్డంగా ఉండటంతో ఇక్కడేం జరిగిందో ఆయనకు తెలిసినట్టు లేదు. పాట మళ్లీ మొదలవుతుందని చాలాసేపు చూశాడు. ఎంతకీ మొదలవకపోయేసరికి టోపీ పెట్టుకుని గేటు దాటాడు.

టిల్మన్ వెనకే పరుగెత్తాడు.

"పెద్దాయనా, తప్పయిపోయింది. రికార్డు లేకపోతేనేం, గిటారుంది, నేనే పాడతాను. మొదట్నుంచి పాడతాను. ఒక్కసారి ఆగండి."

ముసలాయన ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. కొండ ఊళ్లకు వెళ్లే బస్సు సందు చివర కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కగానే అది వెళ్లిపోయింది.

టిల్మన్ దుమ్ములో నిలబడిపోయాడు. తెల్లారితే అతని విమానం. ఈ మనిషి మళ్లీ దొరకడు.

వెర్నా రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది.

"అంత బతిమాలినా మొహం తిప్పలేదమ్మా" అన్నాడు టిల్మన్. "అంత కోపమా ఆయనకి?"

"ఎగ్బర్ట్ పెద్దాయనకి కోపమేంటి, నీ మొహం" అంది వెర్నా. ఆమె గొంతులో మంట ఇంకా చల్లారలేదు. "నువ్వు తిట్టిందీ వినలేదు, బతిమాలిందీ వినలేదు. ఈ పేటకి మొదట పాటలు వేసింది ఆయనే. ఆ పెద్ద స్పీకరు పెట్టెల పక్కన నిలబడీ నిలబడీ రెండు చెవులూ పోయాయి. అయినా ప్రతి ఆదివారం కొండ దిగి వస్తాడు, రేకుకి వీపానించి దాని అదురు వింటూ కూచుంటాడు. చెవులు పోయాక ఏ పాటకీ లేవని మనిషి, ఇవాళ నీ పాటకి లేచాడు."