ముల్లు లేచింది

ముల్లు లేచింది. లేవకూడదు.

బెంగళూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్త మర్యాదగా నవ్వి, పక్క బల్ల మీది ప్రాజెక్టు చూడటానికి వెళ్లిపోయాడు. మునిరత్నం కుళాయి వైపు నడిచాడు.

అది 2003. మదనపల్లె దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీ. పుంగనూరు మునిరత్నం, కుప్పం చైతన్య కలిసి చేసిన ఫైనలియర్ ప్రాజెక్టు అది. అరవైల నాటి యుద్ధవిమానాన్ని రాడార్‌కు కనబడకుండా మార్చడం. కొత్త విమానం కొనాలంటే కొండంత ఖర్చు, పాతదానికే వేషం మారిస్తే పోదా అన్నది మునిరత్నం ఆలోచన. నిటారుగా ఉండే తోకను రెండుగా చేసి పక్కలకు వాల్చాడు. రెక్కల కింద వేలాడే బాంబులను కడుపులోకి తోసి, దానికో చిన్న తలుపు పెట్టాడు. కట్టెతో మోడల్ చేసి, రాడార్ తరంగాలను మింగేసే నల్లరంగు ఇద్దరూ కలిసి పూశారు.

తోక దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. చివరికి మునిరత్నం డిజైనే నిలిచింది. చైతన్య నవ్వి ఊరుకున్నాడు.

పరీక్ష తేలిక. ఓ పెట్టె తరంగాలు పంపుతుంది. విమానానికి తగిలి ఎంత వెనక్కి వస్తే మీటరు మీది ముల్లు అంత లేస్తుంది. లోపల చిన్న లోహపు ముక్క ఉన్నా పట్టేస్తుంది. ల్యాబ్‌లో ఎన్నిసార్లు పెట్టి చూసినా ముల్లు కదల్లేదు. శాస్త్రవేత్త ముందు కూడా కదలకపోతే ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగం ఖాయం.

ఆఖరి మెరుగులకని ముందురోజు ఇంటికి తెచ్చుకున్న మోడల్‌ను, పరీక్ష రోజు పొద్దున పుంగనూరులో మునిరత్నం వాళ్లమ్మ ప్రమీలమ్మ పాత చీరలో చుట్టి ఇచ్చింది. “ఒళ్లో పెట్టుకోండప్పా. బస్సులో అందరి కండ్లూ దాని మీదే ఉంటాయి” అంది. దారంతా చైతన్యే ఒళ్లో పెట్టుకున్నాడు.

ముల్లు లేచాక మునిరత్నం కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చేసరికి, చైతన్య చెయ్యి విమానం కడుపులోంచి బయటికి వస్తోంది.

“చేతిలో ఏముండాదిరా?”

“ఏం లేదు.”

“పిడికిలి విప్పు.”

చైతన్య విప్పలేదు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“నా తోక నిలిచిందని కడుపు మండిందా? ఏమి పెట్టినావు లోపల?”

చైతన్య రెండో చేత్తో విమానం కడుపు తలుపు మూశాడు. “నేనే పెట్టినా అనుకో” అన్నాడు.

మునిరత్నం ఒకసారి మాట మానేశాడంటే మానేసినట్టే. సైకిల్ దగ్గర గొడవొచ్చి సొంత అన్నతోనే ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆ సంగతి చైతన్యకు బాగా తెలుసు. అయినా ఇంకో ముక్క మాట్లాడకుండా, పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సెక్కాడు.

మునిరత్నం మదనపల్లెలో ట్యూషన్లు చెప్పుకుంటూ మిగిలిపోయాడు. పైన విమానం చప్పుడు వినబడితే ఒళ్లు మండేది. ఎవరో పరాయివాడు దెబ్బ కొడితే ఇంత బాధ ఉండదు. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాడు, నిద్రలేచి తనకంటే ముందే రంగు పూయడానికి కూర్చున్నవాడు అలా చేశాడన్నదే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

“ఆ పిల్లోడు మంచోడప్పా, ఆ పొద్దు...” అని ప్రమీలమ్మ మొదలుపెడితే కొడుకు లేచి నిలబడేవాడు.

“వాని పేరెత్తితే నేను ఈ ఇంటికి రాను.”

పెళ్లికి పిలవలేదు. అయినా చైతన్య వచ్చాడు. మునిరత్నం మొహం తిప్పుకున్నాడు. చైతన్య అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

2009లో మునిరత్నానికి కొడుకు పుట్టాడు. నామకరణం పుంగనూరులోనే. బిడ్డకు దిష్టి తగలకుండా తాయెత్తు కట్టాలన్నారు పెద్దవాళ్లు. కొత్తది తెస్తానని మునిరత్నం చెప్పులేసుకున్నాడు.

“కొత్తది యాలప్పా?” అంటూ ప్రమీలమ్మ బీరువాలోంచి రాగి తాయెత్తు ఒకటి తీసి, దారం సవరించింది. “నీ విమానానికి దిష్టి తగలగూడదని నేను దాని కడుపులో పెట్టింది ఇదే, ఆ పొద్దే చైతన్య తెచ్చి నా చేతికిచ్చి, మీవానికి మాత్రం ఎప్పుడూ చెప్పొద్దమ్మా అన్నాడు.”