వాలే కుర్చీ

"రండి, రండి," అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వద్దు వద్దన్నట్టు వెనకనుంచి ఆయన భార్య చెయ్యి ఊపింది.

బీమా ఆఫీసరు వచ్చినప్పుడు పడుకునే ఉండండని పొద్దున్నుంచీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఇంట్లో డయాలసిస్ జరుగుతుండగా ఆయనకు బీపీ పడిపోతే, తల కిందికీ కాళ్లు పైకీ వాల్చేది ఆ కుర్చీయే. దాని అద్దె బీమా ఇకముందూ ఇస్తుందా లేదా అన్నది ఈ తనిఖీలో తేలాలి.

"భలే హుషారుగా ఉన్నారే బాబాయిగారూ," అన్నాడు ఆఫీసరు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"ఆ గుండ్రాయిని నిన్న నేనే లేవనెత్తాను," అందావిడ. ఆఫీసరు నవ్వాడు గానీ రాసుకోలేదు.

"మెట్ల దాకా రాగలరా?"

అడగడమే ఆలస్యం, ఆయన గుమ్మం దాకా నడిచాడు.

"చాలా సంతోషం. ఇక మీకు ఈ కుర్చీ అక్కర్లేదన్నమాట," అని ఆఫీసరు దిగిపోయాడు.

గోడ పట్టుకుని వెనక్కి వచ్చిన భర్తను ఆవిడ కుర్చీలో వాల్చింది. ఆయన నుదుటి నిండా చెమట.

"ఇంటికొచ్చిన మనిషి ముందు పడుకుంటే ఏం మర్యాదే?"

నాలుగు దులుపుదామని నోరు తెరిచి, కిటికీలోంచి చూసి ఆగిపోయింది. ఆఫీసరు కారు వెనకే వచ్చి ఆగిన వ్యానును ఇందాకే చూసింది. ఎవరో ఇల్లు మారుతున్నారనుకుంది. ఇప్పుడక్కడ ఇద్దరు మనుషులు తాళ్లు తీస్తుంటే, ఆఫీసరు వాళ్లకు ఈ కిటికీనే చూపిస్తున్నాడు.

ఈయన లేచినా లేవకపోయినా ఒకటేనన్నమాట.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఆవిడ మీట ఇంకాస్త నొక్కింది. ఆయన కాళ్లు పైకి లేచాయి.

"మళ్లీ వస్తున్నారు," అంది మెల్లగా. "ఈసారి మర్యాద నేను చేస్తాను. మీరు మాత్రం లేవకండి."