ఎవరిదీ కాని ముఖం

“దీపం దగ్గరికి పట్టరా,” అన్నాడు టంకశాల తనిఖీకి వచ్చిన ఓర్సత్ దొర, తల తిప్పకుండానే.

దొర ఇంటి పనివాడు బాల్దో దీపం ముందుకు చాచాడు. మూడు రోజులుగా ఉక్కపోత మోసుకొచ్చే దక్షిణపు గాలి హోరు. టంకశాల కిటికీలన్నీ బిడాయించేశారు, పట్టపగలే చీకటి. అచ్చులు చెక్కే మిహోకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్కచోట నిలవలేకపోతున్నాడు.

దొర చేతిలో మచ్చుకు కొట్టిన కొత్త వెండి నాణెం. దాని మీద గడ్డం మనిషి ముఖం.

“ఎవరోయ్ ఇతను?”

“ఎవరూ కాదు దొరా. ఊహించి చెక్కాను.”

“ఊహకు ముక్కు వంకర ఎందుకొచ్చింది? మన దుబ్రోవ్నిక్‌లో ఊరినేలే రెక్టర్‌ని నెలనెలా మారుస్తాం. ఎవడూ రాజునని విర్రవీగకూడదనేగా? నాణెం మీద బతికున్నవాడి ముఖం పడితే, బోస్నియా సంతలో వాణ్ణే మన రాజంటారు. ఎవడిచ్చాడు నీకు లంచం?”

“నా బిడ్డల మీదొట్టు, చిల్లిగవ్వ ముట్టలేదు!”

“ఆ నుదురు చూడు. ఏడు తరాల దొరతనం కనిపిస్తోంది. మారోదా?”

“మారో దొరగారికి గడ్డమే మొలవదు కదండీ.”

“సెకొందోదా?”

“ఆయనకు మెడ లేదు దొరా.”

దొరకు నవ్వొచ్చింది, మింగేశాడు. “నోరు బాగానే లేస్తోంది. ఎవరిదో తేలిందా, కోట కింద చీకటి గదిలో ఎలుకల బొమ్మలు చెక్కుకుంటావు.”

దీపం వణికింది.

“సరిగ్గా పట్టి చావరా!”

గ్రూజ్ రేవులో ఓడ ఈ నాణేల కోసమే ఆగి ఉంది. గాలి తిరిగితే రేపే అలెగ్జాండ్రియాకు ప్రయాణం. దొర జేబులోంచి దొరల సభలోని సభ్యుల జాబితా తీశాడు. ఒక్కో పేరూ చదివి, కళ్ళు మూసుకుని ఆ మనిషిని తలుచుకుని, మళ్ళీ నాణెం చూసుకున్నాడు. మిహో దీపం వైపు చూడలేక నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

చివరి పేరు కూడా అయిపోయింది.

“ఈ ఊళ్ళో నేనెరగని ముఖం లేదోయ్,” అన్నాడు దొర. “నువ్వన్నది నిజమే. ఇది ఎవరిదీ కాదు. కానివ్వు, కొట్టించు.”

బాల్దో దీపం బల్ల మీద పెట్టాడు. దొరకు ఎదురుగా వచ్చి, పై అంగీ తొడిగి, మెడ దాకా ఒక్కొక్క బొత్తామే పెట్టాడు. దొర అతని భుజం మీదుగా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

నాణెం మీదున్నది బాల్దో ముఖమే.