పొగ రాని పొయ్యి

థర్మోస్టాట్ ఉన్న కట్టెల పొయ్యి మా ఇంట్లో బిగించింది ఎదురింటి సిగ్వాల్డ్ ముసలాయనే. వేడి చాలగానే గాలి వెళ్ళే రేకు దానంతటదే మూసుకుంటుంది. అయినా ఆయన రోజూ పొద్దున్నే మంచులో నడిచొచ్చి, రేకు మూసుకుందో లేదో వంగి చూసి వెళ్తాడు. తన కట్టెలు మిగుల్చుకోడానికి నా పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నాడని నాకు ఒళ్ళుమంట.

ఇవాళ అనేశాను. "నా పొయ్యి బాగానే ఉంది పెద్దాయనా. మీ పొయ్యిలోనూ రెండు కట్టెలు వేసుకోండి, వెచ్చగా ఉంటుంది."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొయ్యి కోసం కాదు టురీద్. ఎదురింటి పొగ చూడందే ఈ లోయలో ఎవరమూ కాఫీ తాగం గదా. ఈ కొత్త పొయ్యి పెట్టాక నీ ఇంటి మీద పొగే కనబడదు. ఒంటరిదానివి. లేచావో లేదో నాకెలా తెలుస్తుంది?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఏదో ఒకటి అనాలని, "నేనూ రోజూ మీ పొగ చూసుకుంటూనే ఉన్నాను," అన్నాను.

ఆయన మెల్లిగా టోపీ పెట్టుకున్నాడు.

"నా పొగగొట్టం బీటలిచ్చింది. పొయ్యి వెలిగించి ఎనిమిది రోజులైంది, అమ్మాయ్."