సన్నబడుతున్న మంచం

సుతన్ మాలిన్ ముసలాయన చనిపోయిన పెళ్ళాం సామాన్లన్నీ గోనెసంచిలో కట్టి తన అక్క కూతురు మార్నిస్ ఇంటికి చేరవేస్తున్నాడట. పొరుగింటి నుర్బైతి కళ్ళారా చూసిందట. చూసి ఊరుకోలేక ఎండుచేపలమ్మే ఆవిడ చెవిలో వేసిందట. ఆవిడ చేపలతోపాటు ఆ కబురు కూడా తూచి, యుస్నిదార్ చేతిలో పెట్టి వెళ్ళింది.

యుస్నిదార్ ఆ ముసలాయన కూతురు. వెంటనే వంటింట్లోకి వెళ్ళి చూసుకుంది. మిరపకాయలు నూరే రాయి లేదు. కొబ్బరి తురిమే పీట లేదు. అమ్మ చేతుల్లో అరిగిన రాయి అది. పోయి పోయి మార్నిస్ వంటింట్లో తేలిందంటే ఒళ్ళు మండిపోయింది.

ఆ కొండకింద ఊళ్ళలో ఇల్లు ఆడవాళ్ళది. ప్రతి మగాడూ ఇల్లరికం అల్లుడే. పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి పెద్ద, ఆవిడ పోతే చుట్టం. యుస్నిదార్ తండ్రిని పొమ్మనలేదు. కానీ రంజాన్ అయ్యాక ఆమె కూతురి పెళ్ళి. కొత్త అల్లుడు ఇంట్లోకి వస్తున్నాడు. వాడికో గది ఇవ్వాలి. ఉన్న గదుల్లో తలుపు సరిగ్గా పడేది ముసలాయన గది ఒక్కటే. ఆయనకి మంచి చోటు చూడకపోతే, తండ్రిని గెంటేసి అల్లుణ్ణి తెచ్చుకుందని ఊరు ఊరంతా ఆడిపోసుకుంటుంది. ఆ బెంగతో ఆమెకు అన్నం సయించడం లేదు.

సలహా అడగాలంటే నుర్బైతి ఉండనే ఉంది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, కావలసినంత తీరిక. ఎక్కడికి చోటు చూడ్డానికి వెళ్ళినా తనూ బయల్దేరేది. పట్నంలో వృద్ధుల ఆశ్రమానికి వెళ్తే స్నానాలగది గచ్చుని బొటనవేలితో రుద్ది చూసి, ఇక్కడ జారిపడ్డవాడు మళ్ళీ లేవడని తేల్చేసింది. అక్కడి కూర నోట్లో పెట్టుకుని, ఇందులో మిరపకాయ పేరైనా తలచుకోలేదంది. మార్నిస్ ఇంట్లో మెట్లు మరీ నిటారు, పైగా పడక వడ్లబస్తాల పక్కన. మిగిలింది సురావు. పెళ్ళికాని కుర్రాళ్ళూ, ఇల్లులేని ముసలాళ్ళూ పడుకునే ప్రార్థనశాల అది. దాని నేల చెమ్మగా ఉందంది.

అయినా సురావు పెద్దని ఒక మాట అడిగి చూసింది యుస్నిదార్. ఆయన గొంతు సవరించుకుని, మాలిన్‌కి ఇక్కడ చాప వెయ్యక్కర్లేదమ్మా అంటూ చూపు పక్కకి తిప్పుకున్నాడు. చోటు లేదనడానికి ఎంత మర్యాద అనుకుంది ఆమె.

"ముసలాళ్ళకేం కావాలే అమ్మాయ్?" అంది నుర్బైతి దారిలో. "మెట్లెక్కక్కర్లేని గది. గోడకి పట్టుకునే కర్ర. రాత్రి దగ్గితే వినే మనిషి. అవి ఉన్నచోటే చోటు."

ఆవిడకి తెలీదా మరి. మోకాళ్ళ నొప్పులని ఆ వారమంతా ఆవిడే వడ్రంగిని పెట్టి స్నానాలగదిలో కర్ర కొట్టించుకుంటోంది.

ఈలోగా దొంగతనం మంచం దాకా వచ్చింది. తెల్లారగట్ల నమాజుకి వెళ్తూ ముసలాయన మంచంపలక ఒకటి చాపలో చుట్టుకుపోతున్నాడు. అడిగితే చెద పట్టిందనేవాడు. మంచం రోజురోజుకీ సన్నబడింది. వెల్లకిలా పడుకునే మనిషి ఒత్తిగిల్లి పడుకోవడం మొదలెట్టాడు. ఆపైన గోడమీద పిల్లిలా సర్దుకున్నాడు. కింద పడుకోమంటే, అలవాటు చేసుకుంటున్నానన్నాడు. యుస్నిదార్ వెనకాలే వెళ్ళి పట్టుకుందామని లేచిన ప్రతిసారీ కంచె అవతలినుంచి నుర్బైతి చారెడు ఉప్పుకోసం కేకేసేది. ఉప్పిచ్చి వచ్చేసరికి ముసలాయన ఉండేవాడు కాదు.

"ఇవాళా మార్నిస్ ఇంటి వైపే," అనేది నుర్బైతి ఉప్పు అందుకుంటూ.

ఇక ఆగలేక యుస్నిదార్ మార్నిస్ ఇంటిమీదికి వెళ్ళింది. మార్నిస్ చేట కింద పడేసి లేచింది.

"ఇల్లంతా వెతుక్కో వదినా. మామయ్య తెచ్చిన పుల్లముక్క కనబడితే నీ ఇంట్లో అంట్లు తోముతా. మా కెటిలే కనబడ్డం లేదు. నీ ఇంటికి చేరవేశాడేమోనని నేనే వద్దామనుకుంటున్నా."

ఇద్దరూ చతికిలబడ్డారు. రెండిళ్ళలోనూ దోచి ఎక్కడో పారేస్తున్నాడంటే ఆయనకి మతి తప్పినట్టే. గచ్చు జారినా, కూర చప్పగా ఉన్నా, ఆశ్రమమే దిక్కు. సోమవారం పొద్దున్న వ్యాను పంపమని చెప్పారు. ఆ సంగతి నుర్బైతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ, "సోమవారమా?" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, ఎంత బాధపడిందో అనుకుంది యుస్నిదార్.

సోమవారం వ్యాను వచ్చింది. సాగనంపడానికి మార్నిస్ కూడా వచ్చింది. గదిలో ముసలాయన లేడు. మంచమూ లేదు. చూరుకి వేలాడే ఆయన పెంపుడు గువ్వ పంజరం కూడా లేదు, కొక్కెం ఒక్కటే ఊగుతోంది.

ఏ దారిన పోయాడో నుర్బైతికి తెలియకుండా ఉంటుందా? ఇద్దరూ ఆవిడ గుమ్మం దగ్గరికి పరుగెత్తారు. ఆవిడ తల నున్నగా దువ్వుకుని, కొత్త బట్ట కట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"పిన్నీ, నాన్న వెళ్ళిపోయాడు. మంచంతో సహా పోయాడు. నువ్వు చూశావా? పోలీసులకి చెప్పమంటావా?" అంది యుస్నిదార్ ఏడుపు గొంతుతో.

లోపలెక్కడో గువ్వ కూసింది. మార్నిస్ మెడ చాచి వంటింటివైపు చూసింది.

"పిన్నీ, ఆ పొయ్యిమీదున్నది మా కెటిల్ కదూ?"

నుర్బైతి పెదవిమీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండే. మా ఆయనకి ఇప్పుడే కన్నంటుకుంది."