పాటల బోర్డు

“ఏడు రోజులల్ల లోకం అయింది. యెరికో గోడ చుట్టూ ఏడు దినాలు తిరిగిన్రు. ఏడంటే దేవుడు పని పూర్తి చేసిండని గుర్తు బిడ్డా,” అన్నాడు మొగులయ్య, పప్పన్నం కలుపుకుంటూ.

“నీ గుండెల మూడు బ్లాకులున్నయ్. మూడంటే దేనికి గుర్తు నాయినా?” అంది సృజన.

మొగులయ్య నవ్వాడు. ఆ నవ్వు చూస్తే సృజనకు ఒళ్లు మండింది. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పి నెల దాటింది. ఈయనేమో దేవుడు అంకెల్లో చెప్తే తప్ప చేయించుకోనని భీష్మించుకు కూర్చున్నాడు. సంగారెడ్డికి పింఛను పనంటూ పొద్దంతా తిరిగి రావడానికి మాత్రం ఓపికుంది.

ముప్ఫై ఏళ్లు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో కాటా దగ్గర లారీలు తూచిన మనిషి. అంకె కనబడితే ఊరుకోడు. లారీ నంబరు కూడతాడు, కరెంటు బిల్లు కూడతాడు, వచ్చినదాన్ని బైబిల్లో వెతుకుతాడు. ఈ మధ్య ఆయన చూపు బీరంగూడ చర్చిలోని పాటల బోర్డు మీద పడింది. ఆదివారం పాడబోయే మూడు పాటల నంబర్లున్న రేకులు దానికి తగిలిస్తారు. మొదటి నంబరు బైబిల్లో పుస్తకమట, రెండోది అధ్యాయమట, మూడోది వచనమట. జవాబు అక్కడే వస్తుందట.

“పోయిన ఆదివారం ఏమొచ్చింది?”

“ఎనిమిది, నలభై ఒకటి, పద్నాలుగు. ఎనిమిదో పుస్తకం రూతు. దాంట్ల ఉన్నయే నాలుగు అధ్యాయాలు. నలభై ఒకటి యాడికెల్లి తేవాలె?”

“మరి చెప్పకపోతే?”

“సూద్దాం,” అన్నాడు తీరిగ్గా. “అది గాదు గని, యెషయా గ్రంథం సూడు బిడ్డా. బైబిల్ల పుస్తకాలు అరవై ఆరు. యెషయాల అధ్యాయాలు గూడ అరవై ఆరే. పెద్ద బైబిల్ కడుపుల సంటి బైబిల్ పండుకున్నట్టు లేదూ?”

“నాకెందుకు చెప్తవ్? నేనా పుస్తకం ముట్ట,” అని కంచం తీసుకుని లేచింది.

ఆ బోర్డుకు నంబర్లు తగిలించడం ఒకప్పుడు తల్లి ముత్యమ్మ పని. తల్లి పాట ఎత్తుకుంటే సృజన అందుకునేది. రెండేళ్ల కింద ముత్యమ్మ మంచాన పడ్డప్పుడు సృజన చేయని ప్రార్థన లేదు. అయినా తల్లి దక్కలేదు. ఆ తర్వాత సృజన చర్చి గడప తొక్కలేదు. పాట సంగతి అటుంచి, వంటింట్లో కూనిరాగమైనా తీయలేదు.

ఇప్పుడు తండ్రి కూడా పోతాడేమోనన్న భయం పట్టుకుంది. చేతులు కడుక్కుంటుంటే ఆలోచన వచ్చింది. దేవుడు రాయకపోతే తనే రాస్తుంది.

తల్లి బైబిలు టీవీ పక్కనే ఉంది. అటక మీద ఉండాల్సింది ఎప్పుడు దిగిందో ఏమో, దుమ్ము కూడా లేదు. మర్నాడు బొల్లారం వెళ్లే కంపెనీ బస్సులో, కిటికీ పక్కన కూర్చుని తెరిచింది. ఉల్లిపొరల్లాంటి కాగితాల్లోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. బయట చిమ్నీల పొగ ఏదో, పొగమంచు ఏదో తెలియడం లేదు. పనికొచ్చే ఒక్క వచనం పట్టుకుంటే చాలనుకుంది గానీ, చదువుతుంటే మాటలు తల్లి గొంతుతో వినబడసాగాయి. ఎందుకు తెరిచిందో మరిచిపోయి చదువుతూ పోయింది.

కొన్ని రోజులకు యెషయాలో హిజ్కియా రాజు దగ్గర ఆగింది. చావు కబురు విని ఆ రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆసుపత్రిలో అమ్మ కూడా గోడవైపే తిరిగి పడుకునేది. నీ ప్రార్థన విన్నాను, నీ కన్నీళ్లు చూశాను, నీకింకా పదిహేనేళ్లు ఇస్తున్నానని దేవుడు రాజుకు కబురు చేశాడు. కంపెనీ గేటు దాటి బస్సు ఖాళీ అయినా సృజన సీట్లోనే ఉండిపోయింది. తన చెంపల మీది కన్నీళ్లలో కోపం ఎంతో, ప్రేమ ఎంతో ఆమెకే తెలియదు.

ఇరవై మూడో పుస్తకం. ముప్ఫై ఎనిమిదో అధ్యాయం. అయిదో వచనం.

చర్చి తలుపులు తీసేది మొగులయ్యే కాబట్టి తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆ శనివారం మాత్రం ఫ్రిజ్ మీద మరిచిపోయాడు. ఆదివారం తెల్లారగానే సృజన వెళ్లి, పాస్టరయ్య తగిలించిన రేకులు తీసి తన మూడూ పెట్టింది. దేవుడి సంతకం దొంగతనంగా పెట్టినట్టనిపించింది.

తర్వాత వెనక వరసలోనే కూర్చుండిపోయింది. ఆరాధనలో పాస్టరయ్య బోర్డు చూసి తికమకపడ్డాడు. “ముప్ఫై ఎనిమిదా? ముత్యమ్మ పోయినంక ఆ రాగం ఎవరికొస్తది?”

ఎవరూ ఎత్తుకోకపోతే పాస్టరయ్య నంబరు మార్చేస్తాడు. ఇక తప్పక సృజన లేచి నిలబడి పాట ఎత్తుకుంది. మొదట గొంతు జీరపోయింది. రెండో చరణానికి అది తన గొంతో అమ్మ గొంతో తనకే తెలియలేదు. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము రేణువులు బంగారంలా తేలుతుంటే, మొగులయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఆరాధన అయ్యాక కూతురి చేయి పట్టుకున్నాడు. “ఇరవై మూడు, ముప్ఫై ఎనిమిది, అయిదు. చెప్పిండు బిడ్డా! ఇగ చేయించుకుంట.”

“చెప్పిండు కద, మళ్లా మాట మార్చకు,” అంటూ ముఖం తిప్పుకుంది సృజన. నవ్వొకవైపు, తండ్రిని మోసం చేశానన్న బాధొకవైపు. ఆయన మనసు మారకముందే పని కావాలని గుమ్మం బయటికొచ్చి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

“మా నాయిన ఆపరేషన్‌కు ఒప్పుకున్నడు మేడం. పేరు మొగులయ్య, బీరంగూడ. జెర జల్దీ డేట్ ఇయ్యరా?”

అవతల కీబోర్డు టకటకలాడింది. లోపల మొగులయ్య ముప్ఫై ఎనిమిదో పాటను కూనిరాగం తీస్తూ, బోర్డు మీది రేకులు ఒక్కొక్కటే పైపంచెతో తుడుస్తున్నాడు.

“డేట్ ఆయనే వచ్చి పోయిన నెలనే తీసుకున్నరు కదమ్మా.”