మడ్గార్డు మీద చోటు

“డెబ్బై ఎనిమిది, జూన్ పదో తేదీ. ఆ పొద్దు ఇంట్లో భక్ష్యాలు, నెయ్యి, మామిడిపండ్ల రసం,” అన్నాడు ఓబుళేశు. “వాకిట్లో ట్రాక్టరు ఆగేసరికి మా ఆమె చేతికి నెయ్యి అట్లే ఉండాది. ఆ చేత్తోనే దీనికి బొట్టు పెట్టింది.”

ఆదోని నుంచి వచ్చిన హనుమేష్ తలూపాడు. పాత ట్రాక్టర్లు కొని, బాగుచేసి దాచుకోవడం ఆయనకు పిచ్చి. ఈ ఎర్ర ట్రాక్టరులో బాగుచేయవలసింది ఏమీ లేదు. రంగు కంపెనీ వేసిందే. లైట్ల అద్దాలు మొదటివే. ఓబుళేశు తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. నాపరాళ్ళ షెడ్డు సన్నగా అదిరింది.

“మనిషిని చూసుకున్నట్లు చూసుకున్నావు పెద్దాయనా,” అన్నాడు హనుమేష్.

అదే తప్పయిందేమో అనుకున్నాడు ఓబుళేశు. తుప్పు పట్టనిచ్చి ఉంటే బనగానపల్లె దాటి ఈ ఊరి దాకా ఎవరూ వచ్చేవారు కాదు.

అమ్మాలన్నది కొడుకు ప్రవీణ్ పట్టు. షెడ్డు రోడ్డుకు ఆనుకుని ఉంది. ఖాళీ అయితే అందులో డ్రిప్పు పైపుల అంగడి పెట్టుకుంటాడు. అడగ్గా అడగ్గా ఓబుళేశు, నీ ఇష్టం నాయనా, అన్నాడు. అన్నాడే కానీ, భార్య నాగలక్ష్మమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో కూర్చుని ముద్ద తిన్నది లేదు. పొద్దుగూకగానే వచ్చి ట్రాక్టరు సీటెక్కుతాడు. ఎడమ మడ్గార్డు ఆమె కూర్చునే చోటు. అక్కడ రంగు కొంచెం అరిగి నున్నగా ఉంటుంది. అటు తిరిగి ఏవో మాటలు చెప్పుకుంటూ తింటాడు. పక్కనే మంచం వేసుకుని పడుకుంటాడు. ట్రాక్టరు పోతే ఆ ముద్ద కూడా దిగదని ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. రోజూ పళ్ళెం తెచ్చి పెట్టే కోడలు యామినికి కూడా.

ఆమెకు చెప్పీ లాభం లేదు. అమ్మే విషయంలో మొగుడి కంటే ఆమెదే ఎక్కువ తొందర. ఆ ఇనుము పోతే గానీ ఇంట్లో డీజిల్ వాసన పోదని, పోయిన వారం హనుమేష్ మొదటిసారి వచ్చినప్పుడు మజ్జిగ అందిస్తూ ఆయన ముందరే అనేసింది.

ఆ రోజే హనుమేష్ తన నియమం చెప్పాడు. బండి చేతులు మారే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, ముందర కొబ్బరికాయ కొట్టాలి. ఒకసారి కాయ కుళ్ళి ఉన్నా నవ్వేసి లారీ కొన్నాడట. మొదటి బాడుగకే ఘాట్లో బోల్తా పడి తమ్ముడి కాలు పోయింది.

“కాయ మంచిగా పగిలితేనే దుడ్లు నీ చేతిలో పెడతా,” అన్నాడు ప్రవీణ్‌తో.

అందుకే ఈ ఉదయం కాయ కోసం యామినే స్వయంగా అంగడికి బయలుదేరింది. బుట్టలోని కాయలన్నీ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి, ఊపి, నీళ్ళ చప్పుడు వింటూ నిలబడింది. బైకు మీద కూర్చున్న ప్రవీణ్ విసుక్కున్నాడు.

“ఎంతసేపు మే?”

“ఊరికే అరవాకయ్యా. మంచి పనికి చూసి తీసుకోవద్దా?”

ఇప్పుడు ఆ కాయ పసుపు పూసుకుని పళ్ళెంలో ఉంది. కడసారి ట్రాక్టరును తుడుచుకుంటానని ఓబుళేశు అడిగితే అందరూ కాసేపు బయటికి పోయారు. తిరిగి వచ్చిన హనుమేష్ చెప్పులు వాకిట్లోనే విడిచాడు. మడ్గార్డు మీద చెయ్యి వేసే ముందు ఆ చెయ్యి తన తువ్వాలుకు తుడుచుకున్నాడు. పోయేది మంచి ఇంటికే, అనుకున్నాడు ఓబుళేశు. అంతవరకు నయం.

“నీ చేత్తోనే కొట్టు పెద్దాయనా.”

ఓబుళేశు కాయ అందుకున్నాడు. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు రెండు చెక్కలైంది. చుక్క నీళ్ళు రాలేదు. లోపల బూడిదరంగు. పులిసిన వాసన షెడ్డంతా కమ్ముకుంది.

కుళ్ళిన కాయ పగిలితే దిష్టి పోయినట్లేనని ప్రవీణ్ నసిగాడు.

“మా తమ్ముణ్ణి చూసినావాప్పా నువ్వు?” హనుమేష్ గొంతు తగ్గించి అడిగాడు. “ఇది ఈడి నుంచి కదలనంటాండాది. ఇంగెవరికీ అమ్మొద్దు నువ్వు. వాళ్ళ ఉసురు నీకెందుకు?”

బానెట్‌కు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ప్రవీణ్ తండ్రి వైపు తిరిగాడు. “పళ్ళెం కాడ నువ్వొక్కడివే ఉంటివి నాయనా. కాయ మార్చినావా?”

“నాకు ఇంకో కాయ యాడిదిరా?” అన్నాడు ఓబుళేశు. కొడుకు ఆ ముఖాన్ని చాలాసేపు చూసి, చూపు దించుకున్నాడు.

అంగడాయన్ను ఊరికే వదలనని యామిని రుసరుసలాడింది. ప్రవీణ్ మాత్రం చెక్కలు కాలవలో పారేసి వచ్చినా ఆ వాసన ముక్కును వదలడం లేదన్నాడు. చివరికి, ఇంటి పక్కన రేకులు వేసి అక్కడే అంగడి పెట్టుకుంటానని, దీని జోలికి మళ్ళీ రానని చెప్పి లోపలికి పోయాడు.

పొద్దుగూకింది. యామిని రాగిసంగటి, వేరుశెనగ చట్నీ తెచ్చింది. ఓబుళేశు సీటు మీద కూర్చుని, మడ్గార్డు వైపు తిరిగి, మెల్లగా, మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని మంచం మీదికి చేరాక అడిగాడు.

“అన్ని కాయలు ఊపి చూసినావంట. అయినా అట్లాంటిది యాడ దొరికిందమ్మా?”

యామిని ఖాళీ పళ్ళెం తీసుకుని గడప దాటింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేస్తూ, మెల్లగా అంది.

“గలగలమనని కాయ అదొక్కటే ఉండాది మామా.”